ఒకటో నంబరు దరఖాస్తు

అనకాపల్లికి ఆరు మైళ్ల దూరంలో, బెల్లం వండుకుని బతికే వెదుళ్లపాలెం అనే ఊళ్లో, ప్రతి పనిలోనూ తానే మొదట ఉండాలని ఏ మాటైనా సగం విని పరుగెత్తే నీలవేణి అనే అమ్మాయి ఉండేది.

తెలివికి లోటు లేదు. లెక్క ఇస్తే మాస్టారు సుద్దముక్క కింద పెట్టేలోపు జవాబు చెప్పేది. కానీ పరీక్షలో అందరికంటే ముందు పేపరు ఇచ్చేసి, ప్రశ్నపత్రానికి వెనకవైపు కూడా ప్రశ్నలున్నాయని బయటికొచ్చాక తెలుసుకునేది. ఒకసారి కాలేజీలో "హాల్ టిక్కెట్లు సోమవారం ఇస్తారు" అనగానే లేచి వెళ్లిపోయింది. "ఈ సోమవారం కాదు, వచ్చే సోమవారం" అన్న మాట ఆమె వెనక గోడలకే వినిపించింది. సోమవారం పొద్దున్నే మొదటి బస్సులో వెళ్లి, తాళం వేసిన గేటు ముందు మొదటి మనిషిగా నిలబడింది. అక్కడ రెండో మనిషి లేడు.

ఆమె తండ్రి సన్నిబాబుకి ఊరి చివర ఒక గానుగ ఉండేది. సొంత చెరకుతో పాటు చుట్టుపక్కల వాళ్ల చెరకు కూడా అక్కడ ఆడి బెల్లం వండేవారు. పెనం నిండా రసం మరుగుతుంటే, పాకం ఎప్పుడొచ్చిందో చెప్పేది మాత్రం నానమ్మ నూకరత్నం. ఒక క్షణం ముందు దించితే బెల్లం గట్టిపడదు. ఒక క్షణం ఆలస్యమైతే మాడుతుంది. ఆవిడ "దించీండి" అంటే దించాల్సిందే. అరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ఆ మాటకు తిరుగులేదు.

నూకరత్నానికి ఒక అలవాటుండేది. ప్రతి పెనానికీ ముందు, గానుగ దగ్గరికి వెళ్లి దోసెడు పచ్చి రసం పట్టుకుని తాగేది. తాగి కాసేపు కళ్లు మూసుకునేది. "ముసల్దానికి తీపి యావ చావలేదు" అని ఊరంతా నవ్వేది. నీలవేణి కూడా నవ్వేది. ఆవిడ ఏమీ అనేది కాదు, కొంగుతో మూతి తుడుచుకుని పొయ్యి దగ్గరికి వచ్చేది.

నీలవేణి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, ఫిజిక్స్ చెప్పే జోగారావు మాస్టారు ఆమెను పిలిచి శైలగిరి విశ్వవిద్యాలయం గురించి చెప్పారు. అది దేశం మొత్తం మీద ఏటా అరవై మందినే చేర్చుకుంటుంది. ఫీజు లేదు, భోజనం వాళ్లదే. మార్కులు చూడరు. దరఖాస్తులో ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది: "మీ చుట్టూ ఉన్న ప్రపంచంలో మీరు స్వయంగా కనుక్కున్న ఒక్క విషయం రాయండి. ఎలా కనుక్కున్నారో రాయండి."

"రెండు విడతలమ్మా. డిసెంబరు నెలంతా ముందు విడత. ముప్పై సీట్లు. మార్చిలో రెండో విడత. అక్కడా ముప్పై సీట్లే, కానీ జనం పది రెట్లు. ముందు విడతలో పంపేవాళ్లు ఇంకెక్కడా పంపమని మాటివ్వాలి. సీటొస్తే చేరాలి. రాకపోతే మళ్లీ అడగడానికి వీల్లేదు, ఆ తలుపు మూసుకున్నట్టే. నువ్వు ముందు విడతకే పంపు. అయితే..." అన్నారు మాస్టారు.

"అలాగేనండీ!" అంది నీలవేణి. మాస్టారు "అయితే" తర్వాత ఏమన్నారో వరండాలో పావురాలు విన్నాయి.

నవంబరులో గానుగ ఆడటం మొదలైంది. నీలవేణి కాలేజీ ప్రయోగశాల నుంచి పొడవాటి థర్మామీటరు అడిగి తెచ్చుకుంది. ఒక రోజు నానమ్మ "దించీండి" అన్న క్షణంలో దాన్ని పాకంలో ముంచి చూసింది. నూట పద్దెనిమిది డిగ్రీలు.

"కనుక్కున్నాను!" అని గంతేసింది. "నానమ్మా, నీ పాకం నూట పద్దెనిమిది!"

"ఒక్క పెనం సూసి అలాగనకే పిల్లా. ఇది మెట్టపొలం సెరుకు. అదే ఏటిపక్క సెరుకైతే..." అంటూ నూకరత్నం తల తిప్పేసరికి, మనవరాలు గుమ్మం దాటేసింది.

రెండు రోజుల్లో వ్యాసం తయారైంది. "బెల్లపు పాకానికి కావలసింది నూట పద్దెనిమిది డిగ్రీలు. అరవై ఏళ్ల అనుభవం చేసే పనిని ఒక గాజుగొట్టం చేయగలదు" అని రాసింది. రాత ముచ్చటగానే ఉంది. డిసెంబరు ఒకటో తేదీ పొద్దున్న పది గంటలకు దరఖాస్తులు తెరిచారు. పదీ రెండు నిమిషాలకు నీలవేణి పంపేసింది. కంప్యూటరు తెర మీద దరఖాస్తు నంబరు వచ్చింది. ఒకటి!

దాన్ని కాగితం మీద అచ్చు వేయించి ఊరంతా చూపించింది. "దేశం మొత్తం మీద నాదే మొదటిది" అంది. సన్నిబాబు ఆ కాగితం జేబులో పెట్టుకుని, టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించాడు. పాపం, తండ్రి మనసు!

వారం తిరిగింది. ఆ రోజు పెనంలో రసం మరుగుతుండగా, తడి చెరకు పిప్పి మీద కాలు జారి నూకరత్నం పడిపోయింది. కుడి మణికట్టు వాచిపోయింది. సన్నిబాబు తల్లిని ఆటో ఎక్కించుకుని అనకాపల్లి ఆసుపత్రికి పరుగెత్తాడు. పెనం మాత్రం పొయ్యి మీదే ఉంది. పనివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాకం మాట ఎప్పుడూ నూకరత్నానిదే కదా!

"నేనున్నాను" అని నీలవేణి థర్మామీటరు పట్టుకొచ్చింది.

"నీళ్లలో సుక్క వేసి సూద్దామే. మీ నానమ్మ అలాగే సూస్తాది" అంది తల్లి పొయ్యిలోకి పిప్పి తోస్తూ.

"అక్కర్లేదమ్మా. నాకు తెలుసు."

గాజుగొట్టంలో గీత నూట పద్దెనిమిదికి చేరింది. "దించండి!" అని అరిచింది నీలవేణి. నలుగురు మనుషులు కర్రలు తగిలించి పెనం దించారు. పాకం అచ్చుల్లో పోశారు. చూడటానికి బంగారంలా ఉంది.

మర్నాడు పొద్దున్న అచ్చులు బోర్లించారు. ఒక్క దిమ్మ కూడా రాలేదు. బెల్లం జావలా జారి చాప మీద పారింది. ఒక్కొక్క అచ్చూ బోర్లిస్తున్నకొద్దీ నీలవేణి ముఖం చిన్నబోయింది. ఏటి పక్క పొలంలో ఏడాదంతా పెంచిన చెరకు అది. సన్నిబాబు తిట్టలేదు. చీపురు తెచ్చి చాప కడిగాడు. తిట్టినా బాగుండేది అనుకుంది నీలవేణి.

ఆమె చేతికట్టుతో కూర్చున్న నానమ్మ దగ్గరికి వెళ్లింది. జీవితంలో మొదటిసారి గుమ్మం వైపు చూడకుండా గోడకి ఆనుకుని కూర్చుంది.

"నూట పద్దెనిమిదే నానమ్మా. నేను సరిగ్గానే చూశాను. ఎందుకిలా అయింది?"

"రసం రుచి సూసేవేటే?" అంది నూకరత్నం.

"రుచా?"

"ఆ. ఏటిపక్క నేలలో ఉప్పుంటాది. ఆ ఉప్పు సెరుకులోకి వొచ్చేస్తాది. ఎంత ఉప్పుంటే పాకం అంత ఆలీసం. అందుకే ముందు దోసెడు తాగుతాను. నాలికి మీద ఉప్పెంత తగిలిందో సూసుకుని, పెనం ఇంకెంతసేపు ఉంచాలో అనుకుంటాను. సుక్క నీళ్లలో వెయ్యడం ఆ తరవాత మాట."

నీలవేణి నోరు తెరిచింది. "అయితే అరవై ఏళ్లుగా... తీపి యావ కాదా?"

"తీపా? నాకు తీపంటే మొకం మొత్తి యాభయ్యేళ్లయింది" అని నూకరత్నం నవ్వింది.

"మరి ఊరంతా నవ్వుతుంటే ఎందుకు ఊరుకున్నావు? మాకైనా చెప్పలేదేం?"

"సెప్పడం మొదలెట్టేసరికి నువ్వు గుమ్మం దాటేసేదానివి కదే!"

ఆ మాటకు నీలవేణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెరకు పోయినందుకు కాదు. ఇంట్లోనే ఇంత చదువు పెట్టుకుని, దాన్ని దాటుకుంటూ పరుగెత్తినందుకు.

ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. శైలగిరికి పంపిన వ్యాసం తప్పు. ఒకటో నంబరు తప్పు!

కాలేజీకి వెళ్లి మాస్టారికి జరిగిందంతా చెప్పింది. ఆయన దరఖాస్తు నిబంధనలు తీసి చూశారు. గడువులోపల ఒక్కసారి దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు. కొత్తది ఒక్కసారి పంపవచ్చు. అయితే పాత నంబరు పోతుంది.

"అక్కడ బెల్లం వండినవాళ్లెవరూ ఉండకపోవచ్చు. తప్పని కనిపెట్టకపోవచ్చు కూడా" అన్నారు మాస్టారు ఆమె ముఖంలోకి చూస్తూ.

"నాకు తెలుసు కదండీ" అంది నీలవేణి. ఒకటో నంబరు దరఖాస్తు వెనక్కి తీసుకుంది. తర్వాత గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది.

"మాస్టారూ, ఆ రోజు మీరు 'అయితే' అన్నారు. ఆ తర్వాత ఏం చెప్పబోయారండీ?"

జోగారావు మాస్టారు కుర్చీ చూపించారు. "కూర్చో. ముందు విడతలో అందరివీ గడువు ముగిశాకే చదువుతారమ్మా. ఒకటో తేదీన పంపినా ముప్పై ఒకటిన పంపినా ఒకటే వరస. అయితే నువ్వు ఇప్పుడే మొదలుపెట్టు, చివరిదాకా చూసి పంపు అని చెప్పబోయాను. అప్పటికే నువ్వు వరండా దాటేశావు."

ఊళ్లో మాట త్వరగానే పాకింది. "ఒకటో నంబరు ఊడిపోయిందంట" అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. సన్నిబాబు జేబులోని కాగితం తీసి మడతపెట్టి బీరువాలో దాచాడు. చింపలేదు.

మిగిలింది ఇరవై రెండు రోజులు. కాలేజీకి వెళ్లే ముందూ, వచ్చిన తర్వాతా నీలవేణి గానుగ దగ్గరే ఉంది. ప్రయోగశాలలో నీటి ఉప్పదనం కొలిచే చిన్న సాధనం ఉంటే, మాస్టారు దాన్ని సంతకం పెట్టి ఇప్పించారు. ప్రతి పెనానికీ ముందు నానమ్మ ఎడమ చేత్తో రసం తాగేది. నీలవేణీ తాగేది. ఏ పొలం చెరకో, నానమ్మ నాలుక ఏమందో, సాధనం ఏమందో, "దించీండి" అన్నప్పుడు గొట్టంలో గీత ఎక్కడుందో నోటుపుస్తకంలో రాసుకునేది. మొదటి నాలుగు రోజులు ఆమెకు ఉప్పూ తెలియలేదు, పప్పూ తెలియలేదు. కాళ్లు మాత్రం పరుగెత్తుదామని లాగేవి. "కూకో. ఇంకా మడ్డి కట్టనేదు" అనేది నానమ్మ. కూర్చునేది.

పదో పెనానికి నాలుక మీద ఏదో చిన్న తేడా తగిలింది. ఇరవయ్యో పెనానికి పుస్తకంలో అంకెలు ఒక వరసలోకి రావడం మొదలుపెట్టాయి. మెట్టపొలానికి నూట పద్దెనిమిది. ఏరు దగ్గరయ్యేకొద్దీ నూట పంతొమ్మిది, నూట ఇరవై. ఏటి ఒడ్డున నూట ఇరవై ఒకటి. ఉప్పు పెరిగినకొద్దీ పాకం పై డిగ్రీకి జరుగుతోంది!

డిసెంబరు ముప్పయ్యో తేదీన పక్క ఊరి రైతు ఒకాయన చెరకు బండి తోలుకొచ్చాడు. ఆ పొలం ఎక్కడుందో నీలవేణికి తెలియదు. రసంలో సాధనం ముంచి చూసింది. పుస్తకం తిరగేసింది. ఒక చిన్న కాగితం మీద ఏదో రాసి, మడిచి తండ్రి జేబులో పెట్టింది.

"ఇప్పుడు చూడకు నాన్నా. పెనం దించాక చూద్దువుగాని."

నూకరత్నం ఎప్పటిలాగే రసం తాగింది, కళ్లు మూసుకుంది. పెనం ముందు కూర్చుంది. రసం పొంగింది, మడ్డి తీశారు, రంగు మారింది. గొట్టంలో గీత నూట పద్దెనిమిది దాటింది. నూట పంతొమ్మిది దాటింది. నూకరత్నం నీళ్లలో చుక్క వేసి వేళ్లతో ఉండ చేసింది.

"దించీండి!"

నీలవేణి గొట్టం పైకెత్తి చూపించింది. నూట ఇరవై. సన్నిబాబు జేబులో కాగితం తీశాడు. విప్పాడు. చదివాడు. ఈసారి పైకి చదివాడు.

"నూట ఇరవై."

పనివాళ్లు కేకలు వేశారు. చెరకు తెచ్చిన రైతుకి ఏం జరిగిందో అర్థం కాకపోయినా ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. నూకరత్నం మనవరాలి చెంప నిమిరి, "నా నాలికి నీకొచ్చీసిందే" అంది.

ఆ ఆనందంలో నీలవేణి, "ఇంకో పది పెనాలు చూస్తే ఇంకా గట్టిగా ఉంటుంది నానమ్మా" అంది. మరీ తొందర వదిలితే అదో జబ్బు!

"సాలు. పాకం వొచ్చింది. ఇంకా ఉంచితే మాడిపోద్ది. దించీ" అంది నూకరత్నం.

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం నీలవేణి కొత్త వ్యాసం పూర్తిచేసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, వెనకవైపులతో సహా రెండుసార్లు చదివింది. సాయంత్రం ఐదుకి గడువు. నాలుగూ యాభైకి పంపింది. ఈసారి వచ్చిన నంబరు నాలుగు వేల నూట ఆరు. దాన్ని ఎవరికీ చూపించలేదు.

జనవరిలో వంద మందిని మాటలాడటానికి పిలిచారు. అందులో నీలవేణి పేరుంది. తండ్రితో కలిసి రెండు రోజులు రైలు ప్రయాణం చేసి శైలగిరి వెళ్లింది. పెద్ద గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ, తెల్లజుట్టు ప్రొఫెసరు గారు, కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఈ ఏడాది ఒకటో నంబరు మీదే. చిట్టచివరి నంబరు కూడా మీదే. ఇలాంటిది మేమెప్పుడూ చూడలేదు. ఏం జరిగింది?"

నీలవేణి మొదట పంపిన వ్యాసం సంగతీ, జారిపోయిన బెల్లం సంగతీ దాచకుండా చెప్పింది.

"మంచిదే. నూట పద్దెనిమిది అన్నది పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న మాట. అది పంపి ఉంటే మిమ్మల్ని పిలిచేవాళ్లం కాదు" అన్నారు ఆవిడ. "మీ నానమ్మగారి అంచనా..." అని ఆగి, కాగితం తిప్పారు.

పాత నీలవేణి అయితే ఆ సగం ప్రశ్నకే జవాబు అందుకునేది. ఆమె పెదవులు కదిలాయి కూడా. కానీ చేతులు ఒడిలో బిగించి ఆగింది.

"...ఎప్పుడైనా తప్పిందా?" అని పూర్తిచేశారు ప్రొఫెసరు గారు.

"నలభై ఒక్క పెనాల్లో రెండుసార్లండీ. అవి కూడా చివరి పేజీలో రాశాను."

ఆవిడ చివరి పేజీ చూసి తలూపారు. పక్కనున్నాయన అందుకున్నాడు. "మేం అడిగింది మీరు కనుక్కున్న విషయం. ఉప్పు సంగతి మీ నానమ్మకి ముందే తెలుసు కదా. మీరు కనుక్కున్నదేమిటి?"

నీలవేణి తొందరపడలేదు. మనసులో మాట కుదిరేదాకా ఆగింది. తర్వాత చెప్పింది.

"ఉప్పు ఉందని నానమ్మ నాలుకకి తెలుసండీ. ఎంత ఉప్పుకి ఎన్ని డిగ్రీలో కొలిచింది నేను. కానీ అంతకంటే ముందు ఇంకోటి కనుక్కున్నాను. ఆవిడ రసం తాగేది తీపి కోసమని మా ఊరు అరవై ఏళ్లు అనుకుంది. అది తప్పని తెలుసుకోవడానికి నేను చేసిన ప్రయోగం ఒక్కటేనండీ. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ మాట పూర్తయ్యేదాకా విన్నాను."

ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నవ్వారు. "మేం ఇక్కడ నాలుగేళ్లు నేర్పేది అదేనమ్మా" అన్నారు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. గానుగ దగ్గర అందరూ చుట్టూ మూగారు. "వచ్చిందేటమ్మా? ఏటి రాసేరు?" అని సన్నిబాబు ఒకటే ఆత్రం. నీలవేణి చెయ్యెత్తింది.

"ఆగు నాన్నా. చివరిదాకా చదవనీ."

చివరి వాక్యం, సంతకం, కింద తేదీ దాకా చదివింది. ఆ తర్వాత ఉత్తరం గాల్లోకి ఎగరేసింది. సీటు వచ్చింది! పనివాళ్లు పళ్లేలు మోగించారు. టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్లే పరుగెత్తుకొచ్చి దిమ్మ పగలగొట్టి బెల్లం పంచారు. సన్నిబాబు ఇంటికెళ్లి బీరువాలోంచి పాత ఒకటో నంబరు కాగితం తెచ్చి, దాన్నీ ఈ ఉత్తరాన్నీ కలిపి జేబులో పెట్టుకున్నాడు. ఏది చూపించినా రెండో దాని కథ చెప్పక తప్పేది కాదు.

ఆ సాయంత్రం కొత్త పెనం ఎక్కించే ముందు నూకరత్నం గానుగ దగ్గరికి నడిచి దోసిలి పట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ వెనక ఊళ్లో పిల్లలంతా దోసిళ్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ వరసలో చిట్టచివరన నీలవేణి నిలబడి ఉంది, తన వంతు వచ్చేదాకా.

నీతి: తొందరపడి మొదట చేరినవాళ్లకంటే, ముందుగా మొదలుపెట్టి, పూర్తిగా విని, పని పక్వానికి వచ్చిన వేళకు అందించినవాళ్లే గెలుస్తారు.